సాదా బీడింగు కావాలంటే: గోడ కింద ఏ పట్టీ, తలుపు చుట్టూ ఏ పట్టీ

కడపలో కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు కార్పెంటర్‌కు ఫోన్‌లో చూపించే ఫొటోలు ఇప్పుడు దాదాపు ఒకే తీరుగా ఉంటున్నాయి. తెల్లటి గోడ, దాని కింద సన్నటి పట్టీ, తలుపు చుట్టూ పువ్వూ గీతా లేని చదునైన చట్రం. మెట్లు మెట్లుగా గీతలు, మూలల్లో పద్మాలు ఉన్న పాత బీడింగు పిల్లలకు అసలు నచ్చడం లేదు. చదును పట్టీ బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ సాదాదే కదా, చవగ్గా తేలిగ్గా అయిపోతుందిలే అనుకుని దిగితే లెక్క తప్పుతుంది.

బీడింగు పుట్టిందే దాచడానికి. ద్వారబంధం కర్ర, గోడ ప్లాస్టింగు ఎండకూ చలికీ ఒకేలా కదలవు. కొన్నాళ్లకు రెండింటి మధ్య వెంట్రుకవాసి పగులు వచ్చి తీరుతుంది. నేల బండకూ గోడకూ నడుమ కూడా ఇదే తంతు. ఆ సందుల మీద కప్పేవే తలుపు బీడింగు, గోడ స్కర్టింగు. వంపులున్న పట్టీ మీద వెలుగునీడలు చెదిరిపోతాయి కాబట్టి గోడ రెండు మూడు మిల్లీమీటర్లు వంకరగా ఉన్నా కంటికి ఆనదు. చదును పట్టీకి ఆ సాయం లేదు. గోడ ఎక్కడ లోపలికి పోయిందో, నేల ఎటు వాలిందో ఆ తిన్నటి గీతే పట్టి చూపిస్తుంది. పట్టీలో మిగిలిన డబ్బు బేల్దారి పనిలోకి పోతుంది. ఏ సరుకు కొనాలనే మాట ఆ తర్వాతిది.

ముందు గోడ, తర్వాత నీళ్లు

ఆరడుగుల అల్యూమినియం పట్టె తెచ్చి గోడ అడుగున, నేలకు నాలుగంగుళాల ఎత్తులో అడ్డంగా ఆనించి చూడండి. పట్టెకూ గోడకూ నడుమ ఎక్కడా 2 మిల్లీమీటర్లకు మించి వెలుతురు కనిపించకపోతే మీరు ఏ పట్టీ అయినా ఎంచుకోవచ్చు. 5 మిల్లీమీటర్ల దాకా ఉంటే వంగే గుణమున్న సన్న పట్టీలు గోడను అనుసరించి పోతాయి, రాయీ టైలూ పోవు. అంతకు మించితే ఆ గోడకు చదును పట్టీ ఆలోచన మానుకోండి, లేదా ముందు గోడను సరిచేయించండి. తలుపు దగ్గర ఇంకో పరీక్ష ఉంది. ద్వారబంధం ముఖం, ప్లాస్టింగు ముఖం ఒకే మట్టంలో ఉన్నాయా అని వేలితో తడిమి చూడాలి. ఒకటి పైకి, ఒకటి లోపలికి ఉంటే చదును బీడింగు ఒక వైపుకు ఒరిగిపోతుంది. ప్లాస్టింగు చేసే రోజునే బేల్దారికి ఈ సంగతి చెబితే ఖర్చేమీ లేదు, తర్వాత చెబితే చెక్కుడు, మళ్లీ పూత.

రెండో పరీక్ష ఇంట్లో ఆడవాళ్లనే అడగాలి. నేల తుడుస్తారా, కడుగుతారా? ఫొటోల్లో కనిపించే ఇళ్లు చాలావరకు చెక్క నేలల చలిదేశాలవి. అక్కడ నేల మీద బకెట్టు నీళ్లు గుమ్మరించరు. మన దగ్గర పండగ ముందు, ఏదైనా శుభకార్యం ముందు, దుమ్ము గాలులు తగ్గాక ఇల్లంతా నీళ్లు కొట్టి కడిగే అలవాటు ఇంకా పోలేదు. ఈ ఒక్క సంగతితో స్కర్టింగు సరుకుల్లో కొన్ని పక్కకు పోతాయి.

గోడ కింద

ఎండీఎఫ్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని తీసేయడం తేలిక. చెక్కను సన్నటి నారగా చేసి జిగురుతో నొక్కి చేసిన పలక అది. నునుపుగా ఉంటుంది, పెయింటు అద్దంలా కూర్చుంటుంది, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. కింది అంచు నాలుగైదు సార్లు తడిస్తే ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్లీ తగ్గదు. కడిగే ఇంటికి వద్దే వద్దు. దాని అన్నలాంటి, ఇంకా చిక్కగా నొక్కిన హెచ్‌డీహెచ్‌ఎంఆర్ పలక తేమను బాగా ఓర్చుకుంటుంది గానీ నీళ్లలో నానబెట్టడానికి అదీ పనికిరాదు. దాని చోటు తలుపు చుట్టూ, ఆ మాట కింద చెబుతాను.

డబ్ల్యూపీసీ (చెక్కపొడి కలిపిన ప్లాస్టిక్కు), పీవీసీ పట్టీలకు నీళ్ల భయం లేదు, చెదల భయం అంతకన్నా లేదు. వీటి ఇబ్బంది మన ఎండ. ప్లాస్టిక్కు వేడికి చెక్క కన్నా, రాయి కన్నా చాలా ఎక్కువ సాగుతుంది. జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ ఇంట్లో గోడ దగ్గర 20, 25 డిగ్రీల తేడా వస్తుందనుకుంటే, ఎనిమిదడుగుల పీవీసీ పట్టీ ఆ తేడాకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు పొడవు మారుతుంది. చలికాలంలో రెండు చివరలూ గోడకు బిగించి కొడితే వేసవిలో మధ్యలో పొట్ట కట్టి గోడను వదిలేస్తుంది. మే నెలలో వేస్తే చలికాలానికి అతుకుల దగ్గర నల్లటి సందులు తేలతాయి. దీనికి మందు ఉంది. మూలల్లో 3 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, దాన్ని పెయింటు పట్టే అక్రిలిక్ సీలెంట్‌తో నింపాలి. సిలికాన్ మీద పెయింటు నిలవదు, అది వాడనివ్వకండి. అలాగే వీటిని ఎక్కువగా జిగురుతో అతికిస్తారు. జిగురు పట్టుకునేది పుట్టీని, పుట్టీ పట్టుకునేది గోడను. బోరునీళ్లతో కట్టిన గోడకు అడుగున తెల్లగా ఉప్పు పొంగి పుట్టీ పొరలుగా లేస్తుంటే పట్టీ కూడా పుట్టీతో పాటు ఊడి చేతికొస్తుంది. పట్టీ వచ్చే మేరకు పుట్టీని ప్లాస్టింగు దాకా గీకించి ఆపైనే అతికించమనాలి. ఉప్పు బాగా పొంగే గోడకు జిగురు పట్టీ జోలికే పోవద్దు.

పీఎస్ అని తెల్లటి తేలికపాటి పట్టీలు దొరుకుతాయి, థర్మోకోల్ జాతిదే కాని గట్టిది. బాగా వంగుతాయి, నీళ్లకు ఏమీ కావు. మంచం కోడు తగిలితే సొట్ట పడుతుంది. అద్దె ఇంటికో, పడగ్గదికో సరే. అల్యూమినియం స్కర్టింగు కత్తిలాంటి గీత ఇస్తుంది, వెనక వైర్లు కూడా పరుచుకోవచ్చు, వేడికి సాగడం ప్లాస్టిక్కులో సగం కూడా ఉండదు. ఆఫీసుకు నప్పుతుంది. ఇంట్లో చిన్నపిల్లల సైకిల్ గుద్దుళ్లకు దాని మీద పడ్డ గీత మళ్లీ పోదు, పట్టీ మొత్తం మార్చాల్సిందే.

ఇక మిగిలినవి రెండు: టైలు, రాయి. మన జిల్లాల్లో ఎంపిక నిజంగా వీటి మధ్యే.

టైలు స్కర్టింగు అంటే పాత మోడల్ అని ముఖం చిట్లించేవాళ్లు చూసినదంతా చెడ్డపనితనం. నేలకు వేసిన రెండడుగుల చదరపు విట్రిఫైడ్ టైలునే ఆరు ముక్కలుగా కోస్తే ఒక్కోటి 4 అంగుళాలకు కాస్త తక్కువ ఎత్తు వస్తుంది, బ్లేడు తినేది పోగా. అంటే ఒక టైలుకు 12 అడుగుల స్కర్టింగు. 12 అడుగుల చదరపు గదికి చుట్టుకొలత 48, తలుపు 3 అడుగులు తీసేస్తే 45, నాలుగు టైళ్లు చాలు. ఖర్చులో దీన్ని కొట్టేది ఏదీ లేదు. చిక్కు ఎక్కడంటే, ఆ ఆరు ముక్కల్లో ఫ్యాక్టరీ అంచు ఉండేది మొదటిదానికీ చివరిదానికీ మాత్రమే. మిగతా నాలుగింటికీ పై అంచు కోసిన పచ్చి అంచు, లోపలి మట్టి రంగు బయటపడుతుంది. దాని మీద తెల్ల సిమెంటు పూసి వదిలేస్తే అదే ఆ పాత మోడల్ రూపం.

దీనికి పరిష్కారం గోడలోకి దిగే స్కర్టింగు. ప్లాస్టింగు చేసేటప్పుడే అడుగున నాలుగున్నర అంగుళాలు పూయకుండా వదిలేయాలి. లోపలి గోడ ప్లాస్టింగు 12 నుంచి 15 మిల్లీమీటర్లు, టైలు 8 నుంచి 10, దాని వెనక అంటించే మందు 3, 4. లెక్క సరిగ్గా సరిపోతుంది, టైలు ముఖం ప్లాస్టింగు ముఖంతో ఒకే మట్టానికి వస్తుంది. కోసిన అంచు ప్లాస్టింగు పక్కన దాక్కుంటుంది, దుమ్ము కూర్చునే గట్టు ఉండదు, బీరువా గోడకు ఆనుకుని నిలబడుతుంది. ఫొటోల్లో చూసి మోజుపడే రూపం ఇదే, పైగా కడిగే ఇంటికి సరిపోయే రూపం. అయితే నేల పూర్తయ్యాక ఎంత ఎత్తుకు వస్తుందో ముందే తెలియాలి. పూర్తయిన నేల మట్టానికి 3 అడుగుల ఎత్తులో ఇల్లంతా గోడల మీద ఒకే గీత కొట్టించండి. ప్లాస్టింగువాళ్లు, బండలవాళ్లు ఆ గీత నుంచే కిందికి కొలవాలి. ఇద్దరూ వేర్వేరు ముఠాలైతే ఈ మాట రెండుసార్లు, కాగితం మీద చెప్పండి.

రాయిలో మనకున్నంత ఎంపిక ఎవరికీ లేదు. ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల, ఎటు చూసినా నాపబండల ఫ్యాక్టరీలే. కడప నల్లరాయి పట్టీ తెల్లగోడ కింద నిలబడితే దిగుమతి సరుకు ఏదీ దాని ముందు ఆగదని నా అభిప్రాయం. మన పాత మిద్దెల్లో గోడ అడుగున ఎర్రమట్టి జాజు పట్టె తీసి పైన సున్నం కొట్టేవాళ్లు. చదునైన ముదురు పట్టె మీద తెల్లగోడ అనే ఆలోచన ఈ ఊళ్లకు కొత్తేమీ కాదు.

రాయి కొనేముందు మూడు సంగతులు తెలియాలి. నాపరాయి పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. పది మిల్లీమీటర్లకు సన్నగా కోయమంటే అంచు పొరలు లేచి పడతాయి, 15 నుంచి 20 మధ్య ఉంచుకోవాలి. గోడలోకి దించాలనుకుంటే ఆ మందానికి ప్లాస్టింగు చాలదు. ఇటుకలో కొంత చెక్కాలి, లేదా పట్టీ ముఖం గోడకన్నా 6, 8 మిల్లీమీటర్లు బయటకు రానివ్వాలి. చేత్తో కొట్టిన బండ కాకుండా మిషన్‌లో నాలుగు వైపులా కోసి మందం సమం చేసినది అడగండి, చదును పట్టీకి అదొక్కటే పనికొస్తుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సున్నపురాయికి యాసిడ్ పడదు. టైళ్ల మీద సిమెంటు మరకలు పోవాలని పనివాళ్లు చివర్లో యాసిడ్ కొట్టి కడుగుతారు. ఆ ఒక్క కడుగుతో నల్లరాయి స్కర్టింగు బూడిద రంగుకు తిరుగుతుంది, మెరుపు మళ్లీ రాదు. కడుగుడు అయ్యాక రాయి వేయించండి, లేదా యాసిడ్ లేకుండా గీకి తీయమనండి. ఇంత జాగ్రత్త మావల్ల కాదంటే గ్రానైట్ తీసుకోండి. అది యాసిడ్‌కు ఇంత తొందరగా లొంగదు, పొరలు లేవదు. కిచెన్ గట్టుకు తెచ్చిన పలకల్లో మిగిలిన ముక్కలతోనే ఒక గది అయిపోతుంది. నల్లటి పట్టీ ఏదైనా మన ఎర్రదుమ్మును దాచదని మాత్రం గుర్తుంచుకోండి.

గాడి వదిలే పద్ధతి

స్కర్టింగే లేకుండా, గోడ అడుగున 10 మిల్లీమీటర్ల నీడ గాడి వదిలి, గోడ నేల మీద తేలుతున్నట్టు చేసే పద్ధతి ఒకటుంది. దానికి ప్లాస్టింగుకు ముందే అల్యూమినియం ప్రొఫైల్ బిగించాలి. చూడ్డానికి అద్భుతం. మన ఇళ్లకు మాత్రం నేను వద్దంటాను. ఆ గాడిలో దుమ్ము, చీమలు, కడిగిన నీళ్లు, అన్నీ చేరతాయి, చీపురు చేరదు. గోడ అడుగు అంచుకు రక్షణ ఉండదు. తడిగుడ్డతో మాత్రమే తుడిచే పై అంతస్తు గదికి, చేయి తిరిగిన పనివాడు దొరికితే, అప్పుడు ఆలోచించండి.

తలుపు చుట్టూ

ఇక్కడ నీళ్లు తక్కువ, చేతులు ఎక్కువ. తగిలే దెబ్బలూ, పట్టుకునే మరకలూ సరుకును నిర్ణయిస్తాయి. టేకు పట్టీకి పాలిష్ కొట్టి వదిలేస్తే పదేళ్ల తర్వాత కూడా గీకి మళ్లీ మెరిపించుకోవచ్చు, అందుకే ముఖద్వారానికి టేకే నా ఓటు. మన వైపు ద్వారబంధాలు వేపతో చేయించేవాళ్లు చాలామంది. బీడింగు కూడా వేపతోనే కావాలంటే బాగా ఆరిన కర్రే వాడాలి, పచ్చివాసన ఉన్న వేప సన్నగా కోస్తే మొదటి వేసవికే మెలి తిరుగుతుంది. ఏ చెక్క అయినా ముందువైపు మాత్రమే పాలిష్ కొట్టి వెనకవైపు ఒట్టిగా వదిలితే ఒక పక్క తేమ పీల్చి వదిలి, పట్టీ గిన్నెలా వంగుతుంది. గోడకు కొట్టకముందే వెనక కూడా ఒక పూత వేయించండి.

లోపలి తలుపులకు పెయింటు కొట్టిన తెల్ల పట్టీ కావాలనుకుంటే 18 మిల్లీమీటర్ల హెచ్‌డీహెచ్‌ఎంఆర్ పలక కోయించుకోవడం లాభం. ఎనిమిదడుగులు నాలుగడుగుల పలకను 3 అంగుళాల పట్టీలుగా కోస్తే బ్లేడు తినేది పోగా 15 వస్తాయి. ఏడడుగుల తలుపుకు రెండు వైపులా కలిపి నాలుగు నిలువు పట్టీలు, ఇంకో పట్టీలో రెండు అడ్డం ముక్కలు, మొత్తం ఐదు. ఒక పలకకు మూడు తలుపులు. బాత్రూమ్ తలుపుకు ఇది వద్దు, అక్కడ డబ్ల్యూపీసీ. నిలువు పట్టీ ఏడడుగులే కాబట్టి సాగుడు ఇబ్బంది కూడా స్కర్టింగుకు వచ్చినంత రాదు.

పనితనంలో మూడు కొలతలు కార్పెంటర్‌తో ముందే ఒప్పుకోండి. మొదటిది, పట్టీ అంచును ద్వారబంధం అంచుతో సమంగా పెట్టనివ్వకండి, 5 మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి. సమంగా పెడితే చిన్న తేడా కూడా తప్పులా కనిపిస్తుంది, జరిపితే ఆ మెట్టు కావాలని చేసిన గీత అవుతుంది. రెండోది, పై మూలల్లో ఏటవాలు కోత వద్దు. చదును పట్టీకి నిలువు పట్టీల మీద అడ్డపట్టీ కూర్చునే తిన్నటి అతుకే నప్పుతుంది, ఏటవాలు అతుకు ఎండకు లోపలి కొనలో నోరు తెరుస్తుంది. అడ్డపట్టీని నిలువు వాటికన్నా 2, 3 మిల్లీమీటర్లు మందంగా, చివర్లలో కొంచెం బయటకు ఉంచితే అతుకు కదిలినా కంటికి కనిపించదు. మూడోది, తలుపు పట్టీ స్కర్టింగు కన్నా మందంగా ఉండాలి. స్కర్టింగు వచ్చి దాని పక్కకు ఆగిపోవాలి. మందాలు తారుమారైతే స్కర్టింగు చివర కోసిన మొహం బయటకు పొడుచుకొస్తుంది, ఇక దాన్ని ఏ పెయింటూ కాపాడదు.

కడిగే ఇంటికి ఇంకో మాట. తలుపు పట్టీని నేల దాకా దించకుండా అడుగున 6 అంగుళాల ఎత్తు రాతి దిమ్మె పెట్టించండి. పట్టీ వెడల్పే ఉండి, మందం పట్టీ కన్నా కాస్త ఎక్కువ ఉంటే చాలు. నీళ్లు రాతికే తగులుతాయి, స్కర్టింగు వచ్చి దిమ్మెకు ఆనుతుంది. ముఖద్వారం దగ్గర దీనికి రెండో లాభం ఉంది. గడపకు రాసే పసుపు పక్కకు చిమ్మి తెల్ల పెయింటు మీద పడితే మరక పోదు, నల్లరాతి మీద పడితే గుడ్డతో పోతుంది. తోరణం సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. చదునైన అడ్డపట్టీ ముఖం మీద ఉగాదికి ఒక మేకు, వినాయక చవితికి ఒక మేకు కొట్టుకుంటూ పోతే రెండేళ్లకు జల్లెడ అవుతుంది. పట్టీ పై అంచు మీద, కింద నిలబడినవాళ్లకు కనబడని చోట, చివరలకు ఒక్కో ఇత్తడి కొక్కెం ముందే బిగిస్తే సరిపోతుంది.

పైకప్పు దగ్గర

స్లాబుకూ గోడకూ మధ్య పగులు రావడం మామూలే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి మీద కట్టిన ఇళ్లలో నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుంటుంది కాబట్టి అది ఇంకా ఎక్కువ. పూల కార్నిస్ బదులు చదును పట్టీ పెడితే అక్కడ పట్టీయే పగులుతుంది. ప్లాస్టింగులోనే స్లాబు కింద 10 మిల్లీమీటర్ల గాడి తీయించండి. నేల దగ్గర వద్దన్న గాడి ఇక్కడ మంచిది. పగులు దాని లోపలే వస్తుంది, ఎవరికీ కనబడదు, నీళ్లూ చేరవు.

పెయింటులో ఒక్కటే చెబుతాను. పదునైన అంచు మీద రంగు పలచబడి తొందరగా లేచిపోతుంది. చదును పట్టీ అంచుల్ని సాండ్ పేపర్‌తో ఒక మిల్లీమీటరు మొద్దు చేయమనండి. దూరానికి పదునుగానే కనిపిస్తుంది. ఆయిల్ ఎనామెల్ తెలుపు వెలుతురు తక్కువున్న గదిలో పసుపు తిరుగుతుంది, లోపలి తలుపులకు పీయూ (పాలీయురేథేన్) పూత మేలు.

ఇల్లు ఇటుక దశలో ఉంటే నా ఎంపిక ఇది: గోడలోకి దించిన టైలు లేదా కాస్త బయటకు నిలిచిన నల్లరాయి స్కర్టింగు, రాతి దిమ్మెలు, ముఖద్వారానికి టేకు, లోపల హెచ్‌డీహెచ్‌ఎంఆర్. ప్లాస్టింగు, నేల అయిపోయిన ఇంట్లో ఉంటే పాత స్కర్టింగును పగలగొట్టే పని పెట్టుకోకండి. తలుపుల బీడింగు ఒక్కటి చదునుగా మార్చి, వంకర గోడలున్న చోట దానికి గోడ రంగే కొట్టించండి. రంగు తేడా లేకపోతే వంకర బయటపడదు. అపార్ట్‌మెంటులో అద్దెకుంటే పీఎస్ పట్టీలు చాలు.

సరుకు తెచ్చేటప్పుడు కొలిచిన అడుగులకు పదో వంతు కలిపి తెచ్చుకోండి. ఒకే దఫా సరుకు తీసుకోవాలి, రాతిలో ముఖ్యంగా. తర్వాతి లోడులో అదే నలుపు దొరకదు. మిగిలిన రెండు పట్టీలు, ఒక టైలు అటక మీద పెట్టి వెనక పెన్నుతో గది పేరు రాయండి. ప్లంబర్ ఏదో ఒకరోజు గోడ పగలగొడతాడు.